హనుమకొండ ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రసంగ పోటీ: 300 రూపాయలకు నాకు ఏం దక్కింది

మా బాపుకు పరకాలలో మోటార్ల వైండింగ్ షాపు ఉంది. నేను హనుమకొండలో హాస్టల్‌లో ఉండి బీటెక్ ఎలక్ట్రికల్ (ఈఈఈ) మూడో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ నోటీసు బోర్డులో ఇంగ్లిష్ ప్రసంగ పోటీ అని చూసి 300 రూపాయలు కట్టాను. రెండు ఆదివారాలు జరిగింది. వచ్చేసారి పేరు ఇవ్వాలా వద్దా అని జూనియర్లు అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. 5కి 4 మార్కులు వేస్తాను.

నిర్వాహకులు టోస్ట్‌మాస్టర్స్ పద్ధతి పెట్టుకున్నారు. రాల్ఫ్ స్మెడ్లీ 1924లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన, నలుగురి ముందు మాట్లాడటం నేర్పే సంస్థ అది. ముందే సిద్ధమై వచ్చే ప్రసంగానికి 5 నుంచి 7 నిమిషాలు. 5 నిమిషాలకు పచ్చ కార్డు, 6కు పసుపు, 7కు ఎరుపు లేపుతారు. ఏడున్నర నిమిషాలు దాటినా ఔటే, నాలుగున్నర లోపు ఆపేసినా ఔటే.

నా అంశం: మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో ఒకటి పోతే బావికాడి మోటారు ఎందుకు కాలిపోతుంది. గదిలో మొదటిసారి చెప్పుకుంటే తొమ్మిది నిమిషాలు దాటింది. సగం పుస్తకంలోని మాటలే. శనివారం ఇంటికి పోయి, కాయిల్స్‌కు వార్నిష్ పోస్తున్న బాపుకు అదే సంగతి తెలుగులో చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"బిడ్డా, నాకొక్క ముక్క సమజ్ కాలే. ఒక ఫేజు పోతే కరెంటు తక్కువ గుంజాలె గదా, ఎక్కువెందుకు గుంజుతది?"

ఫార్ములా నోటికి వచ్చు. కారణం నోటికి రాలేదు. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే పడ్డాయి, ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం చెప్పలేకపోయాను. ఆ రాత్రంతా దాంతోనే గడిచింది. నీళ్లు తోడే పని తగ్గలేదు, తోడే చేతులు మూడు నుంచి రెండయ్యాయి. ఆ బరువు లాగడానికి మిగిలిన రెండు ఫేజుల్లో సుమారు 1.73 రెట్ల కరెంటు పారుతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ వైండింగుల్లో అది దాదాపు 3 రెట్లు అవుతుంది. వార్నిష్ మాడుతుంది, తీగకు తీగ తాకుతుంది. ఇట్లా చెప్పినప్పుడు బాపు తల ఊపి, "గిది చెప్పు" అన్నాడు. షాపులో పడి ఉన్న నల్లగా కాలిన కాయిల్ ఒకటి చేతికిచ్చాడు. స్టేజీ మీద ముందు దాన్నే పైకెత్తి చూపించాను. 6 నిమిషాల 50 సెకన్లలో ముగించాను. నా 300 ఇక్కడే వసూలైంది.

అప్పటికప్పుడు అంశం ఇచ్చే రౌండ్‌లో మాత్రం ఓడిపోయాను. కనీసం ఒక నిమిషం మాట్లాడాలి. "మీ ఊరికి ఒక్క యంత్రం ఇవ్వాలంటే ఏది ఇస్తారు?" అని అడిగారు. 40 సెకన్లకే గొంతు ఎండిపోయి దిగిపోయాను. చాలా బాధేసింది. ఆ రోజు నుంచి మా గదిలో ముగ్గురం రాత్రి భోజనం తర్వాత చీటీలు తీసి రెండేసి నిమిషాలు మాట్లాడుతున్నాం. మొన్న ల్యాబ్ వైవాలో ఇండక్షన్ మోటారు స్లిప్, అంటే లోపల తిరిగే అయస్కాంత క్షేత్రం కన్నా రోటర్ (మోటారులో తిరిగే భాగం) ఎంత వెనకబడుతుందో ఆ తేడా, సున్నా ఎందుకు కాదని అడిగితే, ఒక ఊపిరి తీసుకుని, తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టగలిగాను. రోటర్ ఆ అయస్కాంత క్షేత్రం వేగాన్ని అందుకుంటే రోటర్ తీగల్లో కరెంటే పుట్టదు, కరెంటు లేకపోతే తిప్పే బలం ఉండదు అని చెప్పాను. మునుపైతే ఈ జవాబు లోపలే ఉండిపోయేది.

లోపాలు కూడా చెప్పాలి. మైకు రెండుసార్లు ఆగింది, అప్పుడు మాట్లాడుతున్న అబ్బాయికి ఆ టైమ్ తిరిగి ఇవ్వలేదు. విషయానికి 50, చెప్పే తీరుకు 30, భాషకు 20 మార్కులన్నారు, పంపకం సరిగానే ఉంది. కానీ ఎవరికి ఎందులో ఎన్ని పడ్డాయో చూపించలేదు. గెలిచినవాళ్ల పేర్లు చదివి పంపించేశారు. ఎక్కడ తప్పానో తెలియకపోతే దిద్దుకునేదెట్లా? ఒక్కొక్కరికి రెండు వాక్యాలు రాసిచ్చినా చాలు. మిగతా ఏర్పాట్లు, భోజనం బాగున్నాయి.

నాకు అన్నింటికన్నా పట్టింపుగా ఉన్నది తెలుగు రౌండ్ లేకపోవడం. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు ఇంగ్లిష్ కావాలి, కాదనను. కానీ రేపు సబ్‌స్టేషన్‌లోనో, పొలం గట్టునో నిలబడి నేను మాట్లాడేది లైన్‌మన్‌తో, రైతుతో. జనం పలుకుబడి భాష కోసం జీవితమంతా వాదించిన కాళోజీ తిరిగిన ఊరు ఇది. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే మనం తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటాం. ఇక్కడి పోటీలో, మోటారు ఎక్కువ కరెంటు గుంజితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను ఎందుకు తీసేయకూడదో తెలుగులో చెప్పడానికి ఒక గంట ఉండొద్దా?

ఈ మాటే నిర్వాహకులను అడిగాను. పదిమంది పేర్లు ఇస్తే వచ్చేసారి పెడతామన్నారు. నాతో కలిపి ఆరుగురం అయ్యాం. ఇంకా నలుగురు కావాలి, ఏ బ్రాంచ్ వాళ్లయినా సరే.