కార్ల ప్లాంటు బాగుపడాలంటే ఏది మేలు? రోబోలా, లైన్ పక్కన తాడా?

ప్లాంటును ఆధునికం చేయాలంటే డబ్బు ముందు రోబోల మీద పెట్టాలా, పని పద్ధతి మీదా? మెకానికల్ చదివే పిల్లలు నన్ను తరచూ అడిగేది ఇదే. 1980లలో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఈ రెండూ చేసి చూసింది.

డెట్రాయిట్-హామ్‌ట్రామిక్ ప్లాంటును పోల్‌టౌన్ అనే పాత పేటను ఖాళీ చేయించి కట్టారు. 1985లో ఉత్పత్తి మొదలయ్యేసరికి అందులో సుమారు 260 రోబోలున్నాయి. తీరా చూస్తే, పెయింట్ రోబోలు కార్లను వదిలేసి ఒకదాని మీద ఒకటి రంగు చిమ్ముకున్నాయి.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ప్లాంటు కథ వేరు. 1962లో తెరిచారు, 1982లో మూసేశారు. రోజూ ఐదుగురిలో ఒకరు పని ఎగ్గొట్టే చోటు అది. 1984లో టయోటాతో కలిసి న్యూమీ పేరుతో మళ్లీ తెరిచినప్పుడు యూనియన్ అదే, కార్మికుల్లో ఎక్కువమందీ పాతవాళ్లే. వాళ్లలో కొన్ని వందల మంది జపాన్‌లోని టయోటా వాళ్ల టకావోకా ప్లాంటుకు వెళ్లి పని నేర్చుకొచ్చారు.

నా దృష్టిలో అసలు తేడా తెచ్చింది లైన్ వెంబడి వేలాడదీసిన తాడు. బోల్టు సరిగ్గా పట్టలేదనుకోండి, కార్మికుడు తాడు లాగుతాడు. పైన బోర్డు మీద లైటు వెలుగుతుంది, మ్యూజిక్ మోగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. కారు ఆ స్టేషన్ దాటేలోపు సరిచేస్తే సరే, లేకపోతే లైన్ ఆగుతుంది. పాత ఫ్రీమాంట్‌లో ఏం జరిగినా లైన్ ఆగకూడదు, తప్పులున్న కారు అలాగే ముందుకు పోయేది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 1987 నాటి లెక్క ప్రకారం ఒక కారు అసెంబ్లీకి పాత పద్ధతిలోనే నడిచే జనరల్ మోటార్స్ ఫ్రేమింగ్‌హామ్ ప్లాంటులో 31 గంటలు పడితే, న్యూమీలో 19, టకావోకాలో 16.

రోబోలు వద్దని కాదు. వెల్డింగ్ నిప్పురవ్వల మధ్య, పెయింట్ పొగల్లో మనిషిని నిలబెట్టడం అన్యాయం. కానీ తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకునే అలవాటు లేని చోట రోబో పెడితే, అదే తప్పు ఇంకా వేగంగా జరుగుతుంది.

పెనుకొండ దగ్గర కియా చేసినట్టు ఖాళీ నేల మీద కొత్తగా కట్టుకోవడం మూడో దారి. భూమి, పెట్టుబడి ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది.

2010లో ఫ్రీమాంట్ ప్లాంటు టెస్లా చేతికి వచ్చింది. మోడల్ 3 కోసం అక్కడ ఆటోమేషన్ విపరీతంగా పెంచారు, ఉత్పత్తి అనుకున్నంత రాలేదు. అతిగా ఆటోమేట్ చేయడం తన తప్పేనని 2018లో ఎలాన్ మస్కే ఒప్పుకున్నాడు. ఆ ఏడాదే ప్లాంటు బయట పెద్ద టెంట్ వేసి, మనుషుల చేత్తో ఎక్కువ పని జరిగే ఇంకో లైన్ పెట్టారు.