తంగేడా, కసివిందా? తేల్చే 10ఎక్స్ భూతద్దం

నగల షాపుల్లో రాళ్ళు చూసే 10ఎక్స్ (పది రెట్లు పెద్దగా చూపే) మడత భూతద్దమే మొక్కలు చూసేవాళ్ళకీ సరైనది. కొంటే 21 మిల్లీమీటర్ల వెడల్పున్న ట్రిప్లెట్ (మూడు అద్దాలు అతికించినది) కొనండి, అంచుల్లో రంగుల చారలు కనపడవు. పైన '30ఎక్స్' అని చెక్కిన చవక రకాలు వద్దు. చాలావాటిలో అంత పెంపు ఉండదు. ఉన్నా ఆకుకు మరీ దగ్గరగా పెట్టాలి, చెయ్యి కాస్త కదిలితే బొమ్మ చెదురుతుంది.

దీని పనితనం తంగేడు దగ్గర తెలుస్తుంది. విశాఖలో పసుపు పూలు కనపడితే చాలు, తంగేడు అనేస్తారు. రోడ్డు పక్క నీడకు పెంచిన పెద్ద చెట్టు సీమ తంగేడు కావచ్చు. ఖాళీ స్థలాల్లో మొలిచేది చాలాసార్లు కసివింద. అసలు తంగేడు పొద. ఎండ బాగా తగిలే ఎర్రనేల, రాళ్ళ దిబ్బ, కొండవాలు దాని చోటు. నీళ్ళు నిలిచే పల్లంలో, దట్టమైన నీడలో వెతకొద్దు.

పువ్వు కోసం ఆగక్కర్లేదు, ఆకు చాలు. తంగేడు ఆకు నడిమి ఈనె మీద 8 నుంచి 12 జతల చిట్టి ఆకులుంటాయి. ప్రతి జత మధ్యా మేకు దిగేసినట్టు ఒక చిన్న గ్రంథి నిటారుగా నిలబడి ఉంటుంది. కసివిందకు కాడ మొదట్లో ఒక్కటే గ్రంథి. సీమ తంగేడుకు అసలే లేదు. ఇంకా అనుమానం ఉంటే తంగేడు కాడ మొదలు చూడండి: చెవి తమ్మెలాంటి పెద్ద పత్రపుచ్ఛం (కాడ మొదట్లో ఉండే ఆకులాంటి రేకు), ఒక కొస దారంలా సాగి ఉంటుంది. అది త్వరగా రాలిపోదు.

మసకగా ఉందంటే తప్పు పట్టుకోవడంలోనే. అద్దం కంటికి దాదాపు ఆనించి, ఆకు అద్దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలోకి వచ్చేదాకా దగ్గరకు జరగాలి. చెయ్యి చాపి పేపరు చదివినట్టు చూస్తే ఏమీ దొరకదు. కంబాలకొండ అభయారణ్యంలో ఆకు తుంచకూడదు, కాబట్టి మీరే కొమ్మ దగ్గరకు వంగండి. మొక్కకు చిన్న గాయం కూడా చెయ్యకుండా పేరు చెప్పగలగడమే ఈ అద్దంలో అన్నిటికన్నా మంచి సంగతి.

బలహీనత కీలు దగ్గర. ఇనుప స్క్రూ ఉంటే సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ ఉందో లేదో అడిగి తీసుకోండి. వానాకాలంలో అద్దానికి బూజు పడుతుంది, సిలికా జెల్ పొట్లం వేసిన చిన్న డబ్బాలో దాచాలి. ఇసుక పడితే ముందు ఊది, తర్వాతే మెత్తటి బట్టతో తుడవాలి; చొక్కా అంచుతో నేరుగా రుద్దితే గీతలు ఖాయం. ఎల్‌ఈడీ రకం పగటి పనికి దండగ, బిళ్ళ బ్యాటరీ కారితే లోపలంతా పాడు. విప్పిన అద్దాన్ని మాత్రం ఎండలో, బండి డ్యాష్‌బోర్డు మీద వదలకండి. దాని గుండా పడే ఎండకు బట్టా కాగితమూ అంటుకోవచ్చు.