గెల్లి దారా, కోటక్ దారా?

సొంత బ్యాంకు పెట్టాలని కలలు కనేవాళ్లు చూడాల్సిన దారులు రెండు. ఒకటి సికింద్రాబాద్‌లో మొదలైంది, ఇంకొకటి బొంబాయిలో.

1994లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు తెరిచేనాటికే రమేశ్ గెల్లి పేరు మోగుతోంది. వైశ్యా బ్యాంకును నడిపిన మనిషి. ఆ పేరు చూసే షేర్ల పబ్లిక్ ఇష్యూకి జనం ఎగబడ్డారు.

కోటక్ మహీంద్రా బ్యాంకు పెట్టిన ఉదయ్ కోటక్‌కు 1985లో ఆ పేరు లేదు. బంధుమిత్రుల దగ్గర పోగుచేసిన 30 లక్షల రూపాయలతో బిల్ డిస్కౌంటింగ్ మొదలుపెట్టారు. సరుకు అమ్మిన కంపెనీకి డబ్బు మూడు నెలలకు గానీ రాదు. ఆ బిల్లు తీసుకుని, కొంత కోసుకుని, మిగతాది ఈరోజే చేతిలో పెడతారు. గడువుకి కొన్నవాడి దగ్గర వసూలు చేసుకుంటారు. చూడ్డానికి చిన్న పనే. కానీ ఎవరు టైముకి కడతారో, ఎవరు సాకులు చెబుతారో తెలిసేది అక్కడే. తర్వాత ఆనంద్ మహీంద్రా పెట్టుబడి, పేరు తోడయ్యాయి (పూర్తిగా ఒంటరి పోరాటమేం కాదు లెండి). కారు లోన్లు, షేర్ బ్రోకింగ్ అన్నీ దాటి బ్యాంకు లైసెన్సు చేతికొచ్చింది 2003లో. అంటే 18 ఏళ్లు! ఫైనాన్స్ కంపెనీ బ్యాంకుగా మారడం దేశంలో అదే మొదలు.

గ్లోబల్ ట్రస్ట్‌కు అంత కాలం పట్టలేదు, నిలవనూ లేదు. 2001లో షేర్ బ్రోకర్ కేతన్ పారేఖ్ కుంభకోణంలో దాని పేరు బయటికొచ్చింది. యూటీఐ బ్యాంకుతో విలీనం ఆగిపోయింది, గెల్లి కుర్చీ దిగారు. మొండి బాకీలు మాత్రం మిగిలాయి. 2004 జులైలో రిజర్వు బ్యాంకు మారటోరియం పెట్టింది. ఖాతాలో లక్షలున్నా పదివేలు మించి తీయడానికి లేదు. మూడు వారాల్లోనే ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. డిపాజిటర్లు గట్టెక్కారు. షేర్లు కొన్నవాళ్లకు మిగిలింది సున్నా.

నా ఓటు కోటక్ దారికే. బ్యాంకులో యజమాని వాటా తగ్గించుకోమన్న రిజర్వు బ్యాంకు మీద కోటక్ బ్యాంకు కోర్టుకెక్కడం నాకు నచ్చలేదు. అయినా మునిగితే తన సొమ్మే పెద్దగా పోతుందన్న భయం ఉన్న యజమాని, అప్పు ఇచ్చేముందు రెండోసారి ఆలోచిస్తాడు. 18 ఏళ్లు ఆగే ఓపిక, తోడుగా ఒక మహీంద్రా అందరికీ దొరకరు, అది వేరే సంగతి.

అన్నట్టు, గెల్లి ఒకప్పుడు నడిపిన ఆ వైశ్యా బ్యాంకు తర్వాత ఐఎన్‌జీ వైశ్యా అయింది. 2015 ఏప్రిల్‌లో అది కలిసింది కోటక్ బ్యాంకులోనే.