‘అయినను’ లేని వాగ్దానాల డబ్బా

డిసెంబరు రెండో వారం దాటితే చాలు, చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా క్రైస్తవ పుస్తకాల అంగళ్ళలో గల్లాపెట్టె పక్కన మూడు సరుకులు చేరతాయి. గోడ క్యాలెండరు, రోజుకో వాక్యం తిప్పే టేబుల్ క్యాలెండరు, వాగ్దానాల డబ్బా (బైబిల్లో దేవుడిచ్చిన మాటలు ఒక్కో చీటీ మీద అచ్చువేసి పేర్చినది). మొదటి రెండింటికీ ఏడాదితో పని అయిపోతుంది. డబ్బా మాత్రం ఫ్రిజ్ మీదో టీవీ పక్కనో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఇంట్లో జబ్బు వచ్చినా, అప్పు ముదిరినా, పిల్లల పెళ్ళి చెడినా చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. అందుకే కొనేముందు నాలుగు నిమిషాలు పరీక్షగా చూడాల్సిన వస్తువు ఇది. చిత్తూరు అంగళ్ళలో తెలుగు డబ్బా పక్కనే తమిళ డబ్బా కూడా ఉంటుంది (వాళ్ళు ‘వాక్కుత్తత్తం’ అంటారు). ఇక్కడ చెప్పేది తెలుగు వాటి గురించే అయినా, పరీక్ష రెండింటికీ ఒకటే.

ముందు వస్తువు సంగతి. డబ్బాలు రెండు రకాలు. ఒకటి చిన్న కాగితపు చుట్టలను నిలబెట్టి పేర్చినది, చిమటాతో ఒకటి లాగి చదివి మళ్ళీ చుట్టి పెట్టాలి. చూడముచ్చటగా ఉంటుంది కానీ కొనొద్దు. అక్షరం మరీ చిన్నది. రెండు నెలలు వాడేసరికి చుట్టలు వదులై, ఒకటి లాగితే నాలుగు లేస్తాయి. రెండోది విజిటింగ్ కార్డు సైజు, అంటే మూడున్నర అంగుళాలకు రెండు అంగుళాల కార్డులున్న డబ్బా. తీసుకుంటే ఇదే తీసుకోవాలి.

కార్డు మందం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఉండాలి. 200 దగ్గర ఉంటే వేళ్ళ మధ్య వంచగానే తెలిసిపోతుంది, తిరిగి నిటారుగా లేవదు. ఎక్కువమంది మోసపోయేది లామినేషన్ దగ్గర. ముందువైపు మాత్రమే మెరుపు పొర వేసిన కార్డు అంగట్లో అందంగా కనిపిస్తుంది. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ చెమ్మకు పొర లేని వెనకవైపు కాగితం ఉబ్బుతుంది, పొర ఉన్న వైపు ఉబ్బలేదు, దాంతో కార్డు అప్పడంలా ముందుకు వంగుతుంది. పల్చటి కార్డయితే డబ్బాలో ఇరుక్కుని బయటికి రాదు. రెండువైపులా పొర వేస్తే వంగదు, కానీ వెనక పెన్ను పట్టదు. తేదీ రాసుకునే అలవాటున్నవాళ్ళు అసలు పొరే లేని మందపు కార్డు తీసుకోవడం మేలు. మాసిపోతే పోతుంది, వాడిన కార్డు మాసిపోవడంలో తప్పేముంది. మెరుపు పొరకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆసుపత్రి వార్డులో పడుకుని చూసేవాళ్ళకు ట్యూబులైటు కార్డులో పడి అక్షరం కనపడదు.

అక్షరం 12 పాయింట్లకు తగ్గకూడదు. ఇంగ్లీషుకు సరిపోయే 8 పాయింట్లు తెలుగుకు చాలవు, కింద వత్తులు పక్క వరస తలకట్లతో కలిసిపోతాయి. పెద్ద వాక్యాన్ని చిన్న కార్డులో ఇరికించడానికి అక్షరం తగ్గించిన కార్డులు ప్రతి డబ్బాలో కొన్ని ఉంటాయి. వాటిని చూస్తే మిగతావాటి సంగతి అర్థమవుతుంది.

అచ్చుతప్పులు వెతకడానికి దగ్గరి దారి ‘కృప’ అనే మాట. పాత డీటీపీ ఫాంటులో కూర్చినదాన్ని కొత్త ఫాంటులోకి మార్చేటప్పుడు ముందు రాలేది వట్రసుడే. ‘నా కప నీకు చాలును’ అని అచ్చయిన కార్డు చేతికొస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ‘హృదయము’, ‘తృప్తి’, ‘వృద్ధి’ కూడా చూడండి. నాలుగూ సరిగా ఉన్నాయంటే ప్రూఫు ఎవరో శ్రద్ధగా దిద్దారని లెక్క. అలాగే వాక్యం కింద గ్రంథం పేరు, అధ్యాయం, వచనం ఉన్నాయో లేదో చూడాలి. ‘కీర్తనలు’ అని మాత్రం వేసి అంకె వదిలేసిన కార్డు నూటయాభై కీర్తనల్లో దేన్ని తెరవమంటున్నట్టు?

ఇక అసలు విషయం, ఏ వాక్యాలు ఏరారన్నది. అంగట్లోనే తేల్చుకోవడానికి ఒక తేలిక కొలత ఉంది. మన పాత తెలుగు బైబిల్లో కష్టకాలపు వాగ్దానాలు చాలావాటికి ‘-ఇనను’ అనే తోక ఉంటుంది. ‘సంచరించినను’, ‘తొలగిపోయినను’, ‘విడిచినను’, ‘క్రిందపడినను’. కష్టం వచ్చినను దేవుడు విడువడు అన్నదే ఆ వాక్యాల నిర్మాణం. డబ్బా అచ్చువేసేవాళ్ళు కార్డులో చోటు చాలక ముందు కోసేది సరిగ్గా ఆ సగాన్నే. కీర్తన 23:4లో గాఢాంధకారపు లోయ పోయి ‘నీవు నాకు తోడై యుందువు’ మిగులుతుంది. యెషయా 54:10లో ‘పర్వతములు తొలగిపోయినను’ పోయి ‘నా కృప నిన్ను విడిచిపోదు’ మిగులుతుంది. మిగిలిన సగం అబద్ధమని కాదు. కానీ కొండలు కదిలిన రోజున చదివేవాడికి, కొండలు కదలడం కూడా ఆ వాగ్దానంలో ముందే రాసి ఉందని తెలియకుండా పోతుంది. తన ఇంట్లో కష్టం వచ్చిందంటే వాగ్దానం తప్పిందనుకుంటాడు. పది కార్డులు తీసి అందులో ‘-ఇనను’ ఎన్నింట్లో ఉందో లెక్కపెట్టండి. ఒక్కదాంట్లోనూ లేకపోతే డబ్బా అక్కడే పెట్టేయండి.

ప్రతి డబ్బాలోనూ తప్పకుండా ఉండే కార్డు యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అన్న వాక్యం. దానికి ఒక్క మెట్టు పైనున్న పదో వచనం ఏ కార్డు మీదా వేయరు. బబులోనులో 70 సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని అందులో ఉంది. ఇది చెరపట్టి తీసుకుపోయినవాళ్ళకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసిన ఉత్తరం. అయిదో వచనంలో అక్కడే ఇళ్ళు కట్టుకోమని, తోటలు నాటుకోమని చెప్తాడు. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే కన్నుమూస్తారు. అంతకుముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా చక్కబడుతుందని దేవాలయంలో నిలబడి ప్రకటించాడు. జనానికి నచ్చే మాట. యిర్మీయా అతన్ని అబద్ధాన్ని నమ్మిస్తున్నావని అన్నాడు, ఆ ఏడాదే హనన్యా చనిపోయాడు. పదో వచనం లేని పదకొండో వచనం చదివేవాడి చెవికి హనన్యా మాటలాగే వినబడుతుంది.

‘నా కృప నీకు చాలును’ కార్డు (2 కొరింథీయులకు 12:9) పరిస్థితి ఇంకా చిత్రం. సూర్యోదయం బొమ్మ, పూలు, పైన బంగారు రంగులో ఈ మాట. అది ఒక మనవికి వచ్చిన జవాబు. శరీరంలో ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. తీయకుండా చెప్పిన మాట ఇది. కృప అంటే కోరింది దక్కడం అని డబ్బా నేర్పితే, ముల్లు మిగిలిపోయినవాళ్ళకు కృప అందలేదని అర్థం వస్తుంది. పౌలు చెప్పింది దానికి పూర్తిగా ఎదురు. మంచి డబ్బాలో ఎనిమిదో వచనం కూడా చిన్న అక్షరాల్లో కార్డు వెనక వేస్తారు. అలాంటిది దొరికితే పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

ఇంటర్ పరీక్షల కాలంలో పిల్లల హాల్‌టికెట్టుతో పాటు పెట్టి పంపే ఫిలిప్పీయులకు 4:13 కార్డుదీ అదే కథ. సమస్తమును చేయగలను అన్నది ర్యాంకుల గురించి అనలేదు. దాని ముందు వచనంలో కడుపు నిండి ఉండడం, ఆకలిగొని ఉండడం రెండూ నేర్చుకున్నానంటాడు పౌలు, అదీ చెరసాలలో ఉండి. ర్యాంకు రాని పిల్లకు కూడా పనికొచ్చే వాక్యాన్ని ర్యాంకు కార్డుగా మార్చేశాం.

వాక్యాన్ని సందర్భం నుంచి తుంచి చేతిలో పెట్టడం ఎంత పాత పనో మత్తయి నాలుగో అధ్యాయంలో ఉంది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కీర్తన 91:11-12ను చూపి దూకమన్నది సాతాను. లేని వాక్యం చెప్పలేదు, ఉన్న వాక్యమే చెప్పాడు. యేసు ద్వితీయోపదేశకాండము 6:16తో, అంటే ఇంకో వాక్యంతో జవాబిచ్చాడు. కార్డును కార్డుతోనే సరిచూడాలన్నమాట.

మన జిల్లాకు అచ్చంగా సరిపోయే కార్డు ఒకటుంది, అదే దాదాపు ఎక్కడా దొరకదు. హబక్కూకు 3:17-18. అంజూరపు చెట్లు పూయకుండినను, ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను, సాలలో పశువులు లేకపోయినను అంటూ ఆరు ‘-ఇనను’ల తర్వాత ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అని వస్తుంది. తోతాపురి మామిడి తోటలు, పాడి పశువులు తప్ప వేరే ఆధారం లేని చిత్తూరు పల్లెల్లో ఈ జాబితాకు వ్యాఖ్యానం అక్కరలేదు. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది చెట్లు కాయకపోవడం కాదు, కాసినా ధర లేకపోవడం. హబక్కూకు రాయని ఏడో ‘-ఇనను’ అది. ఇంత మంచి వాక్యాన్ని వదిలేయడానికి కారణం పొడవే, ఒక వైపు పట్టదు. రెండు వైపులా వేస్తే పడుతుంది.

వాడకం గురించి. ఈ పద్ధతికి వయసు చాలానే ఉంది. జర్మనీలో మొరేవియన్ అనే క్రైస్తవ సహవాసం 1728లో రోజుకో వాక్యం ఇచ్చే అలవాటు మొదలుపెట్టి, 1731 నుంచి ఏటా పుస్తకంగా అచ్చువేస్తోంది. అక్కడా వాక్యాన్ని చీటీ వేసే తీస్తారు, కానీ దాని పక్కన కొత్త నిబంధన నుంచి తోడు వాక్యాన్ని చూసి ఏర్చి పెడతారు. మన డబ్బాలో లేనిది ఆ రెండో వాక్యమే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలో కార్డులు తిప్పి ఏడాదికో వాగ్దానం తీసుకోమన్నప్పుడు, నచ్చని కార్డు మళ్ళీ పెట్టేసి ఇంకోటి తీసేవాళ్ళు ఉంటారు. అక్కడికొచ్చేసరికి అది చిలక జోస్యం అయిపోయింది, చిలక ఒక్కటే తక్కువ. కార్డు తీశాక బైబిలు తెరిచి ఆ అధ్యాయం మొత్తం చదవడం కనీస నియమం. ఎవరితో అన్న మాట, ఎప్పుడు అన్నది, ముందు వెనక ఏముంది. అయిదారు నిమిషాల పని. వెనక పెన్సిలుతో తేదీ, ఆ రోజు ఇంట్లో సంగతి ఒక్క ముక్క రాస్తే, రెండేళ్ళ తర్వాత అదే కార్డు మళ్ళీ చేతికొచ్చినప్పుడు దాని విలువ వేరు.

రోగి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త పడాలి. చిత్తూరు నుంచి వేలూరు పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళ చేతిలో బంధువులు పెట్టేది ఎక్కువగా కీర్తన 91:7. పక్కన వేయిమంది కూలినా అపాయం నీ దగ్గరికి రాదన్నది. పక్క మంచం ఖాళీ అయిన రాత్రి ఆ కార్డు చదివితే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. రిపోర్టు ఇంకా రానివాళ్ళకు ఫలితం చెప్పే కార్డులు వద్దు, తోడు చెప్పే కార్డులు ఇవ్వండి. యెషయా 43:2, జలములలో బడి దాటునప్పుడు అన్నది. హెబ్రీయులకు 13:5, ఎన్నడును ఎడబాయను అన్నది. అయినవాళ్ళు పోయిన ఇంటికి అసలు వాగ్దానం కార్డు వెంటనే తీసుకెళ్ళకపోవడం మంచిది. కీర్తన 88 చివరి మాట ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’. అది కూడా ప్రార్థనే, దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఆ ఇంట్లో దాన్ని పక్కన కూర్చుని చదవొచ్చు.

మొత్తం మీద కార్డుల డబ్బాకు అయిదుకు మూడు మార్కులు. చుట్టల డబ్బాకు ఒకటి, అదీ చిమటాకు. ఇప్పటికే ఇంట్లో ఉన్నదాన్ని పారేయాల్సిన పని లేదు, సరిచేసుకోవచ్చు. డీటీపీ అంగట్లో 12కి 18 అంగుళాల 300 జీఎస్‌ఎం ఖాళీ షీటు ఒకటి కోయిస్తే 30 కార్డుల దాకా వస్తాయి. వాటి మీద చేత్తో రాయండి: కీర్తన 23:4 పూర్తిగా, కీర్తన 27:10, యెషయా 54:10, మీకా 7:8, దానియేలు 3:17-18, హబక్కూకు రెండు వైపులా, యోహాను 16:33. యోబు 13:15 కూడా రాయొచ్చు, ‘ఆయన నన్ను చంపినను’ అన్నది. హెబ్రీ మూలంలో ఒకే ఉచ్చారణ ఉన్న రెండు మాటల మధ్య తేడా వల్ల ‘నాకు ఆశ లేదు’ అని అనువదించినవీ ఉన్నాయని వెనక రాసుకోండి. మిగిలిన కార్డులకు మీ దగ్గరున్న డబ్బాలో సగం కోసేసిన వాక్యాలను వెతికి, కోసిన సగం రాసి జతగా రబ్బరు బ్యాండు వేయండి. బాల్‌పెన్నుతోనే రాయాలి, జెల్ పెన్ను సిరా చెమ్మ చేతికి అంటుకుంటుంది.