టైర్లు మార్చామని బిల్లు వేశారు, టైర్లు మాత్రం కదల్లేదు: తిరుపతి కార్ల వాళ్లు చూసుకోండి

తిరుపతిలో కారున్నవాళ్లు, ముఖ్యంగా రోజూ చిత్తూరుకో శ్రీకాళహస్తికో తిరిగేవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. టైర్ రొటేషన్ (అంటే టైర్ల చోట్లు మార్చడం) అని బిల్లులో రాసి 2 సార్లు నా దగ్గర డబ్బు తీసుకున్నారు. ఒక్క టైరు కూడా చోటు మారలేదు. షాపు పేరు రాయను. పెద్ద షాపే, కూర్చోడానికి ఏసీ గది, తాగడానికి కాఫీ అన్నీ ఉన్నాయి. ఆ ఏసీ గదిలో కూర్చోవడమే నేను చేసిన తప్పు.

ఉండేది తిరుపతి, ఉద్యోగం చిత్తూరులో. రానూపోనూ దాదాపు 140 కిలోమీటర్లు. నాది ముందు చక్రాలు లాగే చిన్న కారు. మనవాళ్లు కొనే చిన్న కార్లు దాదాపు అన్నీ ఇంతే. ఇంజన్ బరువు ముందు చక్రాల మీదే, బండిని లాగేవి అవే, స్టీరింగ్ తిప్పితే తిరిగేవి అవే, బ్రేకు తొక్కితే బరువు వచ్చి పడేదీ వాటి మీదే. ఇక చుట్టాలొచ్చినప్పుడల్లా కొండకు తీసుకెళ్లడం మన ఊళ్లో తప్పదు కదా. ఘాట్ దిగి అలిపిరి దగ్గర ఆగి ముందు టైరు మీద చెయ్యి పెట్టి చూడండి, ఎంత కాగి ఉంటుందో. అందుకే ముందువి వెనకవాటి కంటే బాగా త్వరగా అరుగుతాయి. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి చోట్లు మారిస్తే నాలుగూ ఇంచుమించు సమానంగా అరిగి, సెట్ ఎక్కువ కాలం వస్తుంది.

దసరాకు నాలుగూ కొత్తవి వేయించాను. 5,000 తిరిగేసరికి చంద్రగిరి దాటాక ఎడమ ముందు టైరులో మేకు దిగింది. రోడ్డు పక్క పంక్చర్ షాపతను రంధ్రం పెద్దదని రంధ్రం మూసే రబ్బరు స్ట్రిప్పులు రెండు కలిపి దూర్చాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

8,000 దగ్గర ఒకసారి, 17,000 దగ్గర ఒకసారి ఆ పెద్ద షాపుకు వెళ్లాను. అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం), బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా చేయడం), రొటేషన్ కలిపి ప్యాకేజీ. బిల్లులో రొటేషన్‌కు విడిగా 300. రెండుసార్లూ కాఫీ తాగి, కార్డు గీకి, తాళం తీసుకుని వచ్చేశాను.

మే నెలలో, ఆ టైర్ల మీద 24,000 తిరిగేసరికి, మళ్లీ పంక్చర్. మళ్లీ అదే దారి, మెల్లగా నడుపుకుంటూ అదే మనిషి దగ్గరికి. మిట్టమధ్యాహ్నం. అతను స్పానర్ పెట్టి తొక్కితే నట్టు కదల్లేదు. స్పానర్ మీద రెండు కాళ్లతో నిలబడి ఎగిరితే గానీ వదల్లేదు. ‘ఎయిర్ గన్‌తో అదేపనిగా బిగించినారు సార్, రాత్రిపూట ఒక్కరే ఉంటే ఏం చేస్తారు?’ అన్నాడు. చక్రం ఊడదీసి నీళ్లు పోసి తుడుస్తూ ఆగిపోయాడు.

‘ఇది నేనేసిన స్ట్రిప్పే కదా సార్. రెండు కలిపి ఏసినా. ఈడే ఉండాదే!’

నేను నమ్మలేదు. రెండుసార్లు మార్పించాను, అది కాదులే అన్నాను. వంగి చూస్తే పక్కపక్కనే రెండు గోధుమ రంగు తోకలు, రోడ్డుకు రాసుకుని అణిగిపోయి ఉన్నాయి. అదే టైరు, అదే ఎడమ ముందు.

లెక్క చూడండి. మా లాంటి కార్లకు మామూలుగా ముందువి అదే వైపు వెనక్కి వెళ్తాయి, వెనకవి అడ్డంగా మారి ముందుకొస్తాయి. అంటే ఆ టైరు మొదటిసారి ఎడమ వెనక్కి, రెండోసారి కుడి ముందుకు రావాలి. పోనీ అడ్డంగా మార్చకుండా ముందూవెనకా మాత్రమే మార్చారనుకుంటే, రెండోసారికి తిరిగి ఎడమ ముందుకే వస్తుంది. ఆ అనుమానం నాకూ వచ్చింది. కానీ అలా చేసి ఉంటే అరుగుదల దగ్గరదగ్గరగా ఉండాలి. అతని దగ్గరున్న గేజ్ పెట్టి చూస్తే ముందు రెండింటికీ 3 మిల్లీమీటర్ల బటన్ (గాడుల లోతు) మిగిలింది, వెనకవాటికి ఐదున్నర. 1.6 వచ్చిందంటే టైరు అయిపోయినట్టే. గాడుల లోపల అడుగున చిన్న గట్లు ఉంటాయి చూడండి, బటన్ అరిగి వాటికి సమానమైతే ఆ కొలత వచ్చినట్టు.

నాకు ఎక్కువ మండింది ఎక్కడంటే, బ్యాలెన్సింగ్ కోసం చక్రాలు ఊడదీశారు. లేకపోతే నట్లు అంత బిగుసుకోవు. ఊడదీసినవాటిని చోటు మార్చి బిగిస్తే వాళ్లకు పోయేదేముంది? నాలుగు మూలలా నలుగురు కుర్రాళ్లు, ఎవరు తీసింది వాళ్లు అక్కడే పెట్టేశారు. బిల్లు మాత్రం కంప్యూటర్ కొట్టేసింది.

వెళ్లి అడిగితే మేనేజర్ నవ్వుతూ ‘అరుగుదల చెక్ చేయడం కూడా రొటేషన్ కిందే వస్తుంది సార్, అవసరం లేకుంటే మార్చం’ అన్నాడు. ఇది కొత్త నిర్వచనం. డబ్బు తిరిగివ్వమంటే ఇవ్వలేదు, వచ్చేసారి ఫ్రీగా చేస్తామన్నాడు. ఇప్పుడు మార్చడమూ చిక్కే. బాగా అరిగినవి వెనక్కి వేస్తే వాన రోడ్డు మీద బండి వెనక భాగం జారుతుంది. ముందే వేసి ఉంచితే ఇంకొన్ని నెలల్లో రెండు కొత్తవి కొనాలి.

కాబట్టి షాపుకు వెళ్లే ముందు ప్రతి టైరు గోడ మీద సుద్దముక్కతో ఏ చోటిదో రాసి ఫోటో తీసుకోండి. ఎడమ ముందుది అయితే ‘ఎ.ము’, అంతే. దాని మీదే నాలుగంకెల తయారీ కోడ్ కూడా పడేలా తీయండి. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మీ టైరు తీసి పాతది అంటగట్టినా దొరికిపోతారు. టైరు గోడ మీద తిరిగే దిశ చూపే బాణం ఉంటే అడ్డంగా మార్చనివ్వకండి, అదే వైపు ముందూవెనకా మాత్రమే. స్టెప్నీ చిన్న సైజుదైతే దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. ముందూవెనకా గాలి ప్రెజర్ వేరువేరుగా ఉండే కార్లకు, మార్చాక గాలి మళ్లీ సరిచేయించాలి. చాలామంది ఇది మరిచిపోతారు. నట్లు చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించాలో కొలిచి బిగించే స్పానర్), ఒకదానికి ఎదురుగా ఇంకోటి బిగించమనండి. వంద కిలోమీటర్లలోపు ఒకసారి మళ్లీ చూపించుకోండి.

ఇంకో మాట. టైరు లోపలి అంచు ఒక్కటే అరుగుతుంటే అది అలైన్‌మెంట్ సమస్య. అలా వదిలేసి చోటు మారిస్తే ముందుకొచ్చిన మంచి టైరు కూడా అలాగే పోతుంది.

రెండు బిల్లులూ, టైరు ఫోటోలూ పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అడిగేది 600 రూపాయలే, అయినా వదలను. వాళ్లు ఏమన్నా చెబితే ఇక్కడ రాస్తాను.