న్యూ ఇంగ్లండ్ ఆకుల రంగులు: మూడు బస్సు టూర్ల తర్వాత నా మాట

న్యూజెర్సీకి వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో అక్టోబర్‌లో రాలేముందు రంగు మారే ఆకుల కోసం అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలకు నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి సొంత కారులో, తర్వాత మూడుసార్లు గైడెడ్ బస్సు టూర్‌లో, రెండు వేర్వేరు కంపెనీలతో. అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లొచ్చా, పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుందా, ఏ తారీకు మంచిది అని తెలిసినవాళ్లు ప్రతి ఆగస్టులో అడుగుతుంటారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు కారు సంగతి. పెళ్లయిన కొత్తలో నేనూ మా ఆవిడా అక్టోబర్ రెండో సోమవారం వచ్చే కొలంబస్ డే లాంగ్ వీకెండ్‌కు బయలుదేరాం. ఆ సోమవారమే కెనడా వాళ్లకు థ్యాంక్స్‌గివింగ్ సెలవు కూడా. ఇటు నుంచి మనం, అటు నుంచి వాళ్లు, అందరూ ఆ కొండల్లోనే. న్యూ హ్యాంప్‌షైర్‌లో లింకన్ నుంచి కాన్వే దాకా వెళ్లే కాంకమాగస్ హైవే దాదాపు 34 మైళ్లు. మధ్యలో ఒక్క గ్యాస్ స్టేషన్ లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. వ్యూ పాయింట్ వచ్చిన ప్రతిచోటా పార్కింగ్ నిండిపోయి ఉంది. ఆవిడ "అటు చూడు, అటు చూడు" అంటోంది, నేను ముందు కారు బ్రేక్ లైట్లు చూస్తున్నాను. డ్రైవింగ్ సీట్లో కూర్చున్నవాడికి ఆ రోడ్డు మీద రంగులు దక్కవు. బస్సు టూర్‌కు నేను ఇప్పటికీ డబ్బు కడుతున్నది ముందుగా ఇందుకే.

నేను వెళ్లినవన్నీ ఏడెనిమిది రోజుల టూర్లు, బాస్టన్‌లో మొదలై బాస్టన్‌లోనే ముగుస్తాయి. పోయినసారి ఒక్కొక్కరికి 3,200 డాలర్ల దాకా అయింది, బాస్టన్ చేరే ఖర్చు వేరే. గైడ్‌కు, డ్రైవర్‌కు కలిపి మనిషికి రోజుకు 15 డాలర్ల చొప్పున టిప్ ఇచ్చాం. పొద్దున ఏడింటికల్లా సూట్‌కేసు గది బయట పెడితే చాలు, బస్సులోకి వాళ్లే చేరుస్తారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అది చాలా పెద్ద సుఖం. సీట్లు రోజూ మారుస్తారు కాబట్టి ముందు వరస అందరికీ ఒక రోజైనా వస్తుంది.

ఇప్పుడు తారీకు సంగతి. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రంగు ఒక్కసారిగా అంతటా రాదు. ఉత్తరాన, ఎత్తైన కొండల్లో సెప్టెంబర్ చివర మొదలై మెల్లగా దక్షిణానికి, కిందికి దిగుతుంది. సముద్రపు ఒడ్డుకు అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, వేసవి వేడిని నీళ్లు అంత తొందరగా వదలవు కదా. ఉత్తర వెర్మాంట్ కొండలు నిండుగా ఉన్నప్పుడు సముద్ర తీరంలోని కేప్ కాడ్‌లో చెట్లు ఇంకా పచ్చగానే ఉంటాయి. కేప్ కాడ్ రంగు తిరిగేసరికి వెర్మాంట్‌లో కొమ్మలే మిగులుతాయి. మా మొదటి బస్సు టూర్ అక్టోబర్ పదో తారీకు దాటాక బయలుదేరి, ముందు సముద్రం వైపు తిప్పి, చివర్లో కొండలెక్కించింది. వెర్మాంట్ కొండల్లోని స్టో అనే ఊరు చేరేసరికి గాలివాన వచ్చి సగం ఆకులు నేల మీద ఉన్నాయి. బ్రోషర్‌లోని ఫొటో ఏదో, మేం చూసిందేదో. అడిగితే ప్రకృతి మా చేతుల్లో ఉందా అన్నారు. ప్రకృతి ఎవరి చేతుల్లోనూ లేదు, నిజమే. కానీ రూటు వాళ్ల చేతుల్లోదే. రంగు ఎటు దిగుతుందో అటే, అంటే ముందు కొండలు, తర్వాత తీరం తిప్పే టూర్లున్నాయి. మీరు బుక్ చేసేముందు చూడాల్సిన మొదటి విషయం ఆ వరస. నా లెక్కలో అక్టోబర్ 1 నుంచి 5 మధ్య కొండల్లో మొదలయ్యేది మంచిది.

రెండో బస్సు టూర్ అలాగే వెతికి పట్టుకున్నాను. ఈసారి అమ్మ, బాపు వెంట ఉన్నారు. కరీంనగర్ నుంచి వచ్చి మూడు నెలలైంది, నాలుగ్గోడల మధ్య ఉండి ఇద్దరికీ విసుగు వచ్చేసింది. కాంకమాగస్ మీద బస్సు ఒక మలుపు తిరగగానే కొండ మొత్తం ఎదురుగా నిలబడింది. పైన స్ప్రూస్ చెట్ల ముదురాకుపచ్చ, కింద మేపుల్ ఎరుపు, వాటి మధ్యలో బర్చ్ చెట్ల తెల్లటి కాండాలు, పసుప్పచ్చటి ఆకులు. బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఫాల్గుణంల మోదుగు పూసినట్టున్నది గదరా" అన్నాడు. ఆకు ఒక్కటీ లేని కొమ్మల మీద మోదుగు పూసి అడవి అంటుకున్నట్టు కనిపించే రోజులు చూసిన మనిషి. నాకు ఆ పోలిక తట్టలేదు, ఆయనకు క్షణంలో తట్టింది.

ఆ టూర్‌లో గైడ్ చాలా ఓపికగలావిడ. ఆకు రంగు గురించి ఆవిడ చెప్పింది విని నేను బాపుకు తెలుగులో చెప్పాను. పగటి పొద్దు తగ్గేకొద్దీ ఆకులో పత్రహరితం విరిగిపోతుంది. దాని కింద ఎప్పటినుంచో ఉన్న పసుపు, నారింజ బయటపడతాయి. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారవుతుంది, దాని పేరు ఆంథోసయనిన్. పగలు ఎండ బాగా కాసి, రాత్రి మంచు పట్టకుండా చల్లగా ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. మన మామిడి లేత చిగురు రాగిరంగులో ఉండటానికి కారణం కూడా ఈ ఆంథోసయనినే. మన దగ్గర ఆకు పుట్టేటప్పుడు వచ్చే రంగు అక్కడ రాలేటప్పుడు వస్తోందని బాపు హోటల్ చేరేదాకా ఇదే ముచ్చట పెట్టాడు.

అమ్మ చూపు వేరే. ఆ వారంలోనే బతుకమ్మ. వెర్మాంట్ రోడ్ల పక్కన గోల్డెన్‌రాడ్ అని పసుప్పచ్చటి పూలు గుత్తులుగా ఇంకా ఉన్నాయి, పక్కనే ఊదారంగు ఆస్టర్లు. "తంగేడు లెక్కనే ఉన్నయి" అని కిటికీకి చెయ్యి ఆనించి చూస్తూ కూర్చుంది. గైడ్‌కు చెబితే వుడ్‌స్టాక్‌లో భోజనానికి ఆగినప్పుడు అమ్మను ఒక పూల కొట్టుకు తీసుకెళ్లింది. ఆ సాయంత్రం హోటల్ గదిలో పేపర్ ప్లేట్ మీద అరచేయంత బతుకమ్మ లేచింది. టూర్ ప్లాన్‌లో ఎక్కడా రాసి ఉండని పని అది. మంచి గైడ్ ఉంటే టూర్ ఎలా మారిపోతుందో ఆ రోజే తెలిసింది. మూడో టూర్‌లో, అది వేరే కంపెనీ, గైడ్ కాగితం చూసి చదివినట్టు చెప్పి మైక్ పక్కన పెట్టేవాడు. రూటు బాగున్నా ఆ టూర్ చప్పగా సాగింది.

చరిత్ర ఉన్న ఊళ్లలో బాస్టన్, సేలెం రెండిటి మీదే నా మనసు. బాస్టన్‌లో ఫ్రీడమ్ ట్రెయిల్ అని నేల మీద ఎర్ర ఇటుకల గీత రెండున్నర మైళ్లు ఉంటుంది, దాన్ని పట్టుకుని నడవడమే. బాపు సోషల్ సారుగా రిటైరయ్యాడు. బ్రిటిష్ వాళ్ల టీ పన్ను మీద కోపంతో 1773 డిసెంబర్ 16న ఇక్కడి జనం రేవులో 342 టీ పెట్టెలు నీళ్లలో పారేసిన కథ గైడ్ చెబుతుంటే, అది ఏ కంపెనీ టీ అని అడిగాడు. ఈస్టిండియా కంపెనీ అనగానే నా వైపు తిరిగి, "1766ల నిజాం ఉత్తర సర్కార్లు వాళ్లకే గద ఇచ్చింది, ఏడేండ్లకు ఇక్కడ ఇట్లయింది" అన్నాడు. గైడ్ ఆ మాట నాతో మళ్లీ చెప్పించుకుని డైరీలో రాసుకుంది.

సేలెంలో 1692లో మంత్రగత్తెలన్న నింద వేసి 19 మందిని ఉరి తీశారు, ఇంకొక ముసలాయనను రాళ్ల బరువుతో నొక్కి చంపారు. ఊరంతా ఇప్పుడు టోపీలు, చీపుర్లు అమ్మే కొట్లు. అక్టోబర్‌లో హాలోవీన్ జనంతో కాలు పెట్టే చోటుండదు. కానీ పాత శ్మశానం పక్కనే ఒక చిన్న స్మారకం ఉంది. రాతి గోడలోంచి బల్లల్లా బయటికి వచ్చిన 20 రాళ్లు, ఒక్కో రాయి మీద ఒక్కో పేరు, చంపిన తేదీ, చంపిన తీరు. కొన్నిటి మీద ఎవరో పెట్టి వెళ్లిన పూలు. అమ్మ నాతో ఒక్కో పేరు చదివించుకుంది. "మన దిక్కు బాణామతి చేసిన్రని కొట్టి సంపినట్టేనా?" అని అడిగింది. అంతే అమ్మా అన్నాను. చేతిలో ఉన్న మేపుల్ ఆకు ఒక రాయి మీద పెట్టింది. సేలెంకు మా టూర్ ఇచ్చింది గంటన్నరే. అందులో సగం కొట్ల దగ్గరే గడిచింది. పీబాడీ ఎసెక్స్ మ్యూజియం లోపలికి వెళ్లడానికి వీల్లేకపోయింది. 1799లో ఇక్కడి ఓడల కెప్టెన్లు పెట్టుకున్న సంఘంతో మొదలైన మ్యూజియం అది. వాళ్ల ఓడలు ఇండియా దాకా వచ్చిపోయాయి. ఆ ఊరి ముద్ర మీద కూడా సంపన్న తూర్పు దేశపు చిట్టచివరి రేవు దాకా అని లాటిన్‌లో ఉంటుంది. మన వాళ్లు వస్తే ఒక పూట ఇవ్వాల్సిన చోటు. ఇది నేను ప్రతి ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, ఇంకా మారలేదు.

తీరంలో మెయిన్ రాష్ట్రానికే నా ఓటు. న్యూపోర్ట్‌లో పాతకాలపు సంపన్నుల భవంతులు, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు మొదట కాలు పెట్టారని చెప్పే ప్లిమత్ రాయి ఒకసారి చూస్తే సరిపోతాయి. 1791 నాటి పోర్ట్‌లాండ్ హెడ్ లైట్‌హౌస్ దగ్గర బండల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఇక అకేడియా నేషనల్ పార్క్ రూటులో లేని టూర్ తీసుకోకండి. 1947లో అక్కడ పెద్ద కార్చిచ్చు వచ్చి పార్కులోనే 10,000 ఎకరాలకు పైగా కాలిపోయింది. స్ప్రూస్ పోయిన చాలాచోట్ల బర్చ్, ఆస్పెన్ లేచాయి. ఇవాళ సముద్రం అంచునే కనిపించే పసుపు రంగులో చాలా భాగం ఆ కాలిన నేల మీద లేచిందే. 1,530 అడుగుల క్యాడిలాక్ కొండ మీద గాలి మాత్రం ఎముకల్లోకి దిగుతుంది. అమ్మకు శాలువా చాలక బస్సులోంచి దిగలేకపోయింది. అక్టోబర్ కదా అని తేలిగ్గా తీసుకోకండి, చెవులు కప్పే టోపీ, మందపాటి జాకెట్ ఉండాలి.

తిండి గురించి శాకాహారులకు నాలుగు మాటలు. బుక్ చేసేటప్పుడే రాసిచ్చినా, చాలా రాత్రులు మాకు పాస్తానే వచ్చింది. క్లామ్ చౌడర్ అనే సూప్‌లో ఆల్చిప్పల మాంసమే కాదు, బేకన్ అనే పంది మాంసం కూడా వేస్తుంటారు. బాస్టన్ బేక్డ్ బీన్స్ చూడ్డానికి మన బొబ్బర్ల కూరలా ఉంటాయి, పాత పద్ధతిలో అందులో పంది మాంసం పడుతుంది. అడిగి తినండి. చిన్న రైస్ కుక్కర్, కారప్పొడి, పచ్చిపులుసుకు చింతపండు మా సూట్‌కేసులో ఎప్పుడూ ఉంటాయి. మేపుల్ సిరప్ మాత్రం వెర్మాంట్‌లోనే కొనండి. 40 గ్యాలన్ల చెట్టు నీరు కాస్తే ఒక గ్యాలన్ సిరప్ వస్తుందట. బాపు దాన్ని పెరుగన్నం చివర్లో బెల్లంలా వేసుకున్నాడు.

ఇంకో లోటు, హోటళ్లు. వుడ్‌స్టాక్, అకేడియా పక్కనున్న బార్ హార్బర్ లాంటి ఊళ్లు సాయంత్రం పూట చూడాలి. బస్సు టూర్ వాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కోసారి ముప్పై నలభై మైళ్ల దూరంలో, హైవే పక్కన దింపుతారు. పేరు చూసి మోసపోకుండా ప్రతి రాత్రి హోటల్ అడ్రస్ ముందే అడిగి మ్యాప్‌లో పెట్టి చూసుకోండి. అడ్రస్ ఇవ్వనంటే ఆ టూర్ వదిలేయండి.

వచ్చే అక్టోబర్‌లో అత్తమ్మ, మామయ్య వస్తున్నారు. మూడో తారీకున వెర్మాంట్ కొండల్లో మొదలై అకేడియాలో ముగిసే టూర్‌కు నాలుగు సీట్లు తీసుకున్నాను. సేలెం అందులో లేదు. తిరిగొచ్చే దారిలో ఒక రోజు సొంతంగా ఆగుతాం, పొద్దున్నే మ్యూజియం తలుపులు తీసేసరికే అక్కడుండాలి.