వలస వెళ్లేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లాలా, ఊళ్లోనే ఉంచాలా? ఏది మేలు?

పని కోసం మరో చోటికి వెళ్లక తప్పనప్పుడు జీతం, అద్దె, ప్రయాణం లెక్కలు ఎలాగోలా తేలిపోతాయి. తేలనిది పిల్లల సంగతే. మామూలుగా ఏ ఇంటికైనా నాలుగు దారులుంటాయి: అందరూ కలిసి వెళ్లడం, తల్లిదండ్రుల్లో ఒకరే వెళ్లడం, ఇద్దరూ వెళ్లి పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉంచడం, హాస్టల్లో చేర్చడం. ఎవరి పరిస్థితిని బట్టి వాళ్లు చూసుకోవాల్సిందేనని చాలామంది మాట దాటేస్తారు. నా అభిప్రాయం మాత్రం గట్టిగానే ఉంది. చిన్నపిల్లలుంటే కలిసి వెళ్లడమే మేలు, అదీ వెళ్లిన చోట కొన్నేళ్లు నిలదొక్కుకోగలిగితేనే. పిల్లలు పెద్దవాళ్లయ్యేకొద్దీ లెక్క మారుతుంది.

కలిసి వెళ్తే

వయసుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అమెరికాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం చూడండి. 1994 నుంచి 1998 వరకు బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో, బాగా పేద వాడల్లోని ప్రభుత్వ ఇళ్లలో ఉండే కుటుంబాల్లో కొన్నింటిని లాటరీ తీసి ఎంపిక చేశారు. పేదరికం తక్కువున్న ప్రాంతాలకు మారడానికి వాళ్లకు అద్దె సాయం ఇచ్చారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో రాజ్ చెట్టి, నథానియెల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. 13 ఏళ్లు రాకముందే మారినవాళ్లు పాతికేళ్లు వచ్చేసరికి, మారే అవకాశం దక్కని పిల్లలకంటే సుమారు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. కాలేజీ గడప తొక్కినవాళ్లూ వీళ్లలోనే ఎక్కువ. 13 దాటాక మారినవాళ్లకు లాభం కనబడలేదు, కాస్త నష్టమే కనబడింది. మారడం ఏ పిల్లలకైనా కష్టమే. ఆ తర్వాత మంచి చోట గడిపే ఏళ్లు ఎక్కువుంటేనే ఆ కష్టం తీరుతుంది.

వాళ్లు మారింది వాడలే, భాష మారలేదు. భాష కూడా మారితే ఇంకో చిక్కుంది. కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ దీన్ని వివరంగా చెప్పారు: ఆటల్లో, కబుర్లలో కొత్త భాష పట్టుబడడానికి సుమారు 2 ఏళ్లు చాలు. పాఠం చదివి, ఆలోచించి, సొంతంగా రాసే స్థాయికి రావాలంటే 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. పెద్దలు పొరబడేది ఇక్కడే. పిల్లవాడు స్నేహితులతో గలగలా మాట్లాడుతుంటాడు, సైన్సు పరీక్షలో మార్కులు రావు. దాంతో బద్ధకం అనేస్తారు. అది బద్ధకం కాదు, పాఠాల భాష ఇంకా అందలేదంతే. ఆరేళ్ల పిల్లకు ఆ టైముంది. పద్నాలుగేళ్ల పిల్లకు లేదు, ముందర పెద్ద పరీక్షలుంటాయి. కొత్త భాష త్వరగా రావాలని ఇంట్లో సొంత భాష మానేసేవాళ్లనూ చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయకండి. ఇంటి భాషలో బాగా చదవడం, ఆలోచించడం వచ్చిన పిల్లలకు ఆ నేర్పు రెండో భాషలోనూ పనికొస్తుంది.

కలిసి వెళ్లడంలోని మేలంతా ఒకచోట ఉండగలిగితేనే. కొన్ని నెలలకోసారి పని ఎక్కడుంటే అక్కడికి మకాం మారుతుంటే మాత్రం ఇది మంచి దారి కాదు. ఒక బడిలో భిన్నాలు మొదలయ్యేలోపు అక్కడినుంచి వెళ్లిపోతారు, ఇంకో బడికి వచ్చేసరికి అవి అయిపోయి ఉంటాయి. ఆ పిల్లకు ఏది రాదో తెలిసిన టీచరు ఎక్కడా ఉండరు.

ఒకరే వెళ్తే

డబ్బు పంపడంలో ఉన్న మేలును తక్కువ చేయకూడదు. 1997 ఆసియా ఆర్థిక సంక్షోభంలో ఫిలిప్పీన్స్ కరెన్సీ పెసో విలువ పడిపోయింది. దాంతో విదేశాల్లో ఉన్నవాళ్లు పంపే డబ్బు విలువ ఇంటి దగ్గర పెరిగింది, కొన్ని దేశాల నుంచి వచ్చేదానికి మరీ ఎక్కువగా. అలా ఎక్కువ అందిన ఇళ్లలో పిల్లల చదువు పెరిగిందని, పిల్లలు పనికెళ్లడం తగ్గిందని డీన్ యాంగ్ అనే ఆర్థికవేత్త అధ్యయనం తేల్చింది. అంటే ఆ డబ్బు నిజంగా బడిదాకా చేరుతుంది.

కానీ ఇంట్లో మిగిలిన ఒక్కరి మీద ఇద్దరి పని పడుతుంది. అందులో కొంత చడీచప్పుడు లేకుండా పెద్ద పిల్ల మీదికి జారుతుంది. తమ్ముణ్ణి చూసుకోవడం, వంట, నీళ్లు. ఆ పిల్ల హోమ్‌వర్క్ ఎప్పుడు చేస్తోందో ఎవరో ఒకరు గమనిస్తూ ఉండాలి. అది చూసుకోగలిగితే నా లెక్కలో ఇది రెండో స్థానంలో ఉంటుంది. పిల్లలు పెద్ద పరీక్షలకు దగ్గరగా ఉన్న ఇంటికైతే మొదటి స్థానం దీనిదే.

ఇద్దరూ వెళ్లిపోతే

చైనాలో ఇది కోట్ల కుటుంబాల కథ. కుటుంబం ఎక్కడ నమోదైందో అక్కడే సదుపాయాలు అనే హుకౌ పద్ధతి 1958 నుంచి ఉంది. పల్లె నుంచి నగరానికి పనికొచ్చినవాళ్ల పిల్లలకు అక్కడి ప్రభుత్వ బడుల్లో సీటు దొరకడం కష్టం. కాలేజీ ప్రవేశ పరీక్ష చాలామంది సొంత ప్రాంతానికి వెళ్లే రాయాలి. తల్లిదండ్రుల్లో ఒకరో ఇద్దరో వలస వెళ్లగా పల్లెల్లో మిగిలిన పిల్లలు సుమారు 6.1 కోట్ల మంది అని 2013లో అంచనా వేశారు. వాళ్ల తల్లిదండ్రులను తప్పుపట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది. తలుపులు మూసిన బడులది తప్పు.

ఫలితం మాత్రం పిల్లలే మోస్తారు. ఇలా మిగిలిన పిల్లల ఆరోగ్యం మీద వచ్చిన 111 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాటిలో ఎక్కువ చైనావే. దిగులు, ఆందోళన, ఎదుగుదల లోపం లాంటివి ఈ పిల్లల్లో ఎక్కువగా ఉన్నాయి.

తాతయ్య, నానమ్మల ప్రేమకు లోటుండదు. కానీ ఏడో తరగతి లెక్కలు చెప్పడం, రాత్రి ఫోన్ పక్కన పెట్టించడం వాళ్లకు శక్తికి మించిన పని. ఇంకొకటుంది, దీన్ని ముందుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏడాది పిల్లను వదిలి వెళ్లి ఐదో ఏట తెచ్చుకుంటే, ఆ పిల్లకు అప్పటికి అమ్మ అంటే నానమ్మే. తల్లిదండ్రులకు అది కలయిక, పిల్లకు రెండో ఎడబాటు. అందుకే మూడేళ్లలోపు పిల్లలకు ఈ దారి వద్దంటాను. వేరే గతి లేకపోతే పిల్లను తెచ్చుకునేటప్పుడు నానమ్మ కూడా వచ్చి కొన్ని నెలలు తోడుంటే బాగుంటుంది.

హాస్టల్

టీనేజీ పిల్లలకు, వాళ్లు సరేనంటే, పనికొస్తుంది. మాటిమాటికి మకాం మార్చే కుటుంబానికి ఊరూరూ తిప్పడం కంటే నయం. ఆరేడేళ్ల పిల్లలకు వద్దు. చేర్చేముందు ఫీజు, ఫలితాల కంటే ముందు అడగాల్సింది, రాత్రి జ్వరమొచ్చినా ఏడుపొచ్చినా పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్తారని.

ఏ దారి పట్టినా, వెళ్లే తేదీని వీలైతే విద్యా సంవత్సరం చివరికి జరపండి. విషయం పిల్లలకు ముందే చెప్పండి. టీసీ, మార్కుల కాగితాలు, టీకాల కార్డు చేతి సంచిలోనే పెట్టుకోండి. దూరంగా ఉండాల్సి వస్తే రోజూ ఒకే టైముకి ఫోన్ చేయండి. బాగా చదువుతున్నావా అంటే "ఆ" అనే జవాబే వస్తుంది. ఇవాళ బడిలో ఎవరి పక్కన కూర్చున్నావు, టీచరు ఏం చెప్పారు, ఏది అర్థం కాలేదు అని అడగండి.